పన్నెండు ఖాళీ గడులు

సెప్టెంబర్ 4, గురువారం

ఈ నోటుబుక్కు ఆర్విడ్ మామయ్య కొనిచ్చాడు, అమ్మమ్మ మీద గూఢచర్యం చెయ్యడానికి. ఆ మాట అనలేదు లెండి. ఊరికే గమనిస్తూ ఉండు, ఏదైనా తేడాగా కనిపిస్తే రాసిపెట్టు అన్నాడు. మామయ్య బాయిలర్లు రిపేరు చేస్తాడు. ఏ యంత్రమైనా ఆగిపోయే ముందు చిన్న చప్పుడు చేస్తుందట. ఆ చప్పుడు నేను వినాలట.

కాబట్టి నేను, బ్రిట్టా, వయసు ఇరవై నాలుగు, తత్వశాస్త్రంలో పట్టా, చలికాలమంతా మంచు మీద జారే స్కీలు అద్దెకిచ్చే కొట్లో నౌకరీ, ఇవాళ్టి నుంచి గూఢచారిని. జీతం లేదు. భోజనం ఉంది.

సంగతి ఇదీ. ఏప్రిల్‌లో ఒక ఆదివారం అమ్మమ్మ చర్చి నుంచి ఇంటికి బయల్దేరింది. ఇరవై నిమిషాల దారి. ఐదు గంటలు పట్టింది. ఏమైందని అడిగితే దారిలో జింకలున్నాయంది. అప్పటి నుంచి మామయ్యకి కంటి మీద కునుకు లేదు. డులూత్‌లో పెద్దవాళ్ళని చూసుకునే చోట ఒక గది మాట్లాడి ఉంచాడు. ఔనో కాదో ఈ నెలాఖరులోపు చెప్పాలి. ఔనంటే అమ్మమ్మ ఇల్లు, కట్టెల పొయ్యి, ఆవిరిస్నానాల సౌనా, కుట్టుమిషను, అన్నీ పోతాయి. కాదంటే డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి ఈ చలికాలం కూడా అడవి అంచున ఒక్కతే ఉంటుంది. ఈ పన్నెండు రోజుల క్యాంపింగే పరీక్ష. పేపరు దిద్దేది నేను.

అమ్మమ్మకి ఇదేమీ తెలియదు. నా పికప్‌కి తగిలించే చక్రాల ఇల్లు, క్యాంపర్ బండిలో తిండికంటే గుడ్డలు ఎక్కువ ఎక్కించింది. ఇంత గుడ్డ దేనికంటే, సరస్సుకి తొడగడానికి అంది.

సెప్టెంబర్ 5

స్పూన్ లేక్, పదకొండో నంబరు స్థలం. నిన్ననే చేరాం. ముప్పై ఏళ్ళుగా ఇదే. సీజను అయిపోయింది, చుట్టుపక్కల పురుగు లేదు. గేటు దగ్గర బోర్డు ఉంది: ఎలుగుబంట్లు తిరుగుతున్నాయి, తిండి ఇనపపెట్టెలో పెట్టి గడియ వెయ్యండి. నేను మూడుసార్లు చదివాను. అమ్మమ్మ చదవలేదు. వాటికి నేను పాత కాపుని, నువ్వే కొత్త అంది.

పడవల రేవు దగ్గర నా పెన్ను నీళ్ళలో పడింది. అమ్మమ్మ సొరుగులో ఒకటే ఒకటి దొరికింది. తీసుకున్నాను. దాంతోనే రాస్తున్నా.

కుట్టుపనికి శాసనాలున్నాయి. గుడ్డ కత్తెరతో కాగితం కత్తిరిస్తే క్షమాపణ లేదు. సూదులు పదకొండు, పొద్దున లెక్క, సాయంత్రం లెక్క, ఎందుకంటే ఇక్కడ చెప్పుల్లేకుండా తిరుగుతాం. ఇక క్యాంపు బొంత సంగతి. రోజుకో గడి చొప్పున పన్నెండు రోజులకి పన్నెండు గడులు. చుట్టూ పాత చొక్కాల ముక్కలు, నట్టనడుమ అరచేతంత తెల్లగుడ్డ. ఆ తెల్ల గడుల్లో ఆఖరి రోజు క్యాంపుకి వచ్చినవాళ్ళు చెరగని సిరాతో సంతకం చేస్తారు. ఒకప్పుడు పన్నెండు మంది ఆడవాళ్ళు వచ్చేవాళ్ళట. ఇప్పుడు మిగిలింది అమ్మమ్మ, మార్లిస్. మూడో సంతకం నాది.

సాయంత్రం సూదులు లెక్కపెట్టింది. పదకొండు. ఆమె క్యాంపు సౌనాకి వెళ్ళాక నేను దొంగతనంగా లెక్కపెట్టాను. పదకొండు. పాస్.

సెప్టెంబర్ 6

ఎలుగుబంటి కాదు. ఉడత. ఎవరికీ చెప్పను.

సెప్టెంబర్ 7, ఆదివారం

భయమేసింది. ఉడత భయం కాదు.

పొద్దున అమ్మమ్మ నాలుగు మడతలు పెట్టిన కాగితం చేతిలో పెట్టి, కొట్టుకెళ్ళి సరుకులు పట్రా, అన్నీ రాశాను, సొంత తెలివి వాడకు అంది. కాగితం ఇంకా వెచ్చగా ఉంది, ఇస్త్రీ బల్ల మీంచి తీసిచ్చింది. రెండు మైళ్ళు బండి నడుపుకుంటూ వెళ్ళాను. కొట్లో మడత విప్పాను. ఏమీ లేదు. తిప్పి చూశాను. అటువైపూ ఏమీ లేదు. తెల్ల కాగితం.

కొట్టాయన గల్లా దగ్గర నిలబడి ఏం కావాలమ్మా అన్నాడు. నేను కాగితం వంక చూస్తూ చదువుతున్నట్టు నటించి, కాఫీపొడి, వెన్న, ఉల్లిపాయలు అన్నాను.

తిరిగొచ్చాక అమ్మమ్మ సంచీ తిరగేసింది. యాలకులేవి, టార్చిలోకి బ్యాటరీలేవి, అంత స్పష్టంగా రాస్తే అంది. మర్చిపోయానన్నాను. నా వంక జాలిగా చూసింది. నీ వయసులోనే ఇలా ఉంటే ఎలాగే అంది. నేను నవ్వాను.

ఇదేనా మామయ్య చెప్పిన చప్పుడు.

అడగొచ్చు. అమ్మమ్మా, నువ్వు ఖాళీ కాగితం ఇచ్చావు అనొచ్చు. అడిగితే అది నిజమైపోతుంది. నాలుగేళ్ళు తత్వశాస్త్రం చదివి నేర్చుకున్నది ఇదొక్కటే: ప్రశ్న వెయ్యకపోతే జవాబు రాదు.

సెప్టెంబర్ 8

మార్లిస్ వచ్చింది. తన క్యాంపర్ బండి మా పక్కనే పెట్టింది. అమ్మమ్మకి స్కూలు రోజుల నుంచీ స్నేహితురాలు, పోట్లాట కూడా అప్పట్నుంచే. దిగీ దిగగానే, ఏమే హిల్మా, నీ కుట్లు ఇంకా వంకరేనా అంది. అమ్మమ్మ తలెత్తకుండా, నీ కళ్ళజోడు వంకర అంది. ఇద్దరికీ పరమానందం.

ఇద్దరూ గొడుగు బల్ల కింద కూర్చుని కుడుతుంటే నేను ఉల్లిపాయలు తరిగాను. మార్లిస్ ఒక కథ చెప్పింది. వాళ్ళ దగ్గరొక మాయదారి పెన్ను ఉంటుందట. దాంతో గుడ్డ మీద కుట్టుగీతలు గీసుకోవచ్చు, ఇస్త్రీ పెట్టె తగిలితే చాలు, గీతలు మాయం. మార్లిస్ మేనకోడలి పెళ్ళికి వీళ్ళిద్దరూ బొంత కుడుతూ, దాని మీద ఆ పెన్నుతోనే పిచ్చాపాటీ రాసుకున్నారు. ఇస్త్రీ చేశారు. అంతా పోయింది. జనవరిలో పార్సెల్ చేశారు. బండి మైనస్ డిగ్రీల్లో మూడు రోజులు తిరిగింది. పెళ్ళికూతురు పదిమంది ముందు అట్టపెట్టె విప్పేసరికి రాతలన్నీ మళ్ళీ తేలి ఉన్నాయి. వేడికి పోయింది చలికి వస్తుందని వాళ్ళకప్పుడు తెలియదు. నట్టనడుమ అమ్మమ్మ చేతిరాతలో, ఈ పెళ్ళికొడుకు ఏడాది కూడా ఉండడు.

ఉన్నాడా అని అడిగాను. పదిహేడేళ్ళుగా ఉన్నాడు, పంతానికి, అంది మార్లిస్. ఇద్దరూ కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వారు.

అమ్మమ్మ ఇలా నవ్వుతుంటే ఏ తేడా కనిపించదు. మామయ్యకి ఏమీ రాయలేదు.

సెప్టెంబర్ 9

మళ్ళీ.

మార్లిస్‌కి పన్ను నొప్పి, ఊళ్ళోకి వెళ్ళింది, రేపు సాయంత్రం వస్తానంది. ఆమె వెళ్ళాక క్యాంపర్ తుడుస్తూ చూశాను. స్టవ్ మీద కాఫీ కెటిల్ కింద ఒక తెల్లకాగితం. బండి ముందు అద్దం దగ్గర ఇంకొకటి, ఎగిరిపోకుండా దాని మీద గులకరాయి. రెండూ ఖాళీ.

ఖాళీ కాగితానికి బరువెందుకు పెడతారు ఎవరైనా.

ఇంకో సంగతి. రోజూ పొద్దున్నే అమ్మమ్మ ఆ రోజు గడి తీసి మధ్య తెల్లగుడ్డ మీద ఏదో గీసుకుంటుంది. నేను దగ్గరికెళ్తే బోర్లా తిప్పుతుంది. ఏంటది అంటే కుట్టుగీతలు, నీకర్థం కావు, నువ్వు ఫిలాసఫర్‌వి అంటుంది. సాయంత్రం ఇస్త్రీ చేసి దాచేస్తుంది. తెల్లగా, శుభ్రంగా ఉంటుంది.

తెల్లవే ఎక్కడ చూసినా.

సూదులు పదకొండు. అదొక్కటే ధైర్యం.

సెప్టెంబర్ 10, మధ్యాహ్నం 2.20

స్నానాల గదుల నుంచి వచ్చాను. అమ్మమ్మ కుర్చీ ఖాళీ. కుట్టు సంచీ లేదు. ఎర్ర టోపీ లేదు. సౌనాలో ఉందేమో.

3.05

సౌనాలో లేదు. రేవులో లేదు. పడవ కట్టేసే ఉంది. లైఫ్ జాకెట్ కొక్కానికే ఉంది. అది చూసి ముందు సంతోషించాను, పడవెక్కలేదు కదా అని. తర్వాత ఇంకో ఆలోచన వచ్చింది. ఆ ఆలోచన ఇక్కడ రాయను.

4.30

పిలిచాను. గొంతు పోయేదాకా పిలిచాను. నీటికోడి ఒకటి బదులిచ్చింది, ఏడుపులాంటి కూత. ఆ పక్షి అలాగే అరుస్తుందని పుట్టినప్పట్నుంచీ తెలుసు. అయినా రేవు దాకా మళ్ళీ వెళ్ళి చూశాను.

గేటు దగ్గర కాపలా గదికి తాళం. ఇక్కడ దారులు నాలుగు. మూడింట్లో అర మైలు చొప్పున వెళ్ళి వెనక్కి పరిగెత్తుకొచ్చాను, ఈలోపు ఆమె వచ్చేసి ఉంటుందేమోనని. రాలేదు. నాలుగోది టెంట్లు వేసుకునే చోటు వెనక నుంచి మొదలై లోపల మూడుగా చీలుతుంది. దాంట్లోకి వెళ్తే నేనూ తప్పిపోతాను. అప్పుడు మా ఇద్దర్నీ వెతికేవాళ్ళకి ఈ నోటుబుక్కు దొరుకుతుంది, ఉడత సంగతితో సహా.

జోకులు రాస్తున్నాను కానీ ఇది భయం. అక్షరాలు చూస్తే తెలుస్తుంది.

4.55

ఫోన్ ఛార్జింగుకి పికప్ బండి తలుపు తీశాను. లోపల పొయ్యిలా ఉంది, పొద్దుట్నుంచీ ఎండలోనే ఉంది, అద్దాలు ఎత్తే ఉన్నాయి. ముందు అద్దం దగ్గర కాగితం. దాని మీద అమ్మమ్మ వేలి తొడుగు, కుట్టేటప్పుడు పెట్టుకునే ఇత్తడిది, బరువుగా పెట్టి ఉంది. పైన నా పేరున్నా బాగుండేది.

ఖాళీ.

5.10

కొండ మీద ఒక్కచోటే సిగ్నల్ వస్తుంది. అక్కడ నిలబడ్డాను. మామయ్య నంబరు తెర మీద ఉంది. నొక్కితే వెతికేవాళ్ళు వస్తారు, కుక్కలొస్తాయి, అమ్మమ్మ దొరుకుతుంది, దొరికిన మర్నాడు డులూత్ గదికి ఔనంటారు. ఆమె మళ్ళీ ఎప్పుడూ ఇక్కడికి రాదు. నొక్కకపోతే, ఏడున్నరకి చీకటి పడుతుంది, రాత్రికి గడ్డకట్టే చలి అన్నారు రేడియోలో.

ఐదున్నరకి నొక్కుతాను. దేవుడి మీద ఒట్టు. తత్వశాస్త్రం మీద కాదు, దేవుడి మీదే.

కాగితం ఇంకా చేతిలోనే ఉంది. ఎండకి అడ్డంగా పట్టి చూస్తే నొక్కులు కనిపిస్తున్నాయి. పెన్ను ఒత్తిన నొక్కులు. వరసగా, లైన్లుగా.

ఎవరో దీనిమీద రాశారు.

ఓ నా తల్లీ. మార్లిస్ కథలోని పెన్ను.

5.35

ఫ్రిజ్ పైన ఐసు అరలో కాగితం పెట్టి తలుపు మూసి, దాని ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. చూసేవాళ్ళకి ప్రార్థనలా ఉంటుంది. ప్రార్థనే. ఐదు నిమిషాలకి తీశాను, లేదు. మళ్ళీ పెట్టాను. పదో నిమిషానికి మొదటి అక్షరం లేతగా తేలింది. నా పేరులో మొదటిది.

బ్రిట్టా, టెంట్ల వెనక దారి, మధ్య చీలిక. రెండో వంతెన దాటి ఎడమ చేతి వైపు పెద్ద బండ మీద ఉంటాను. వెలుగు బాగుంటుంది. నాలుగింటికి కాఫీ పట్రా. యాలకుల రొట్టె కూడా. వెన్న మర్చిపోకు, నువ్వు మర్చిపోతావు.

కాఫీ పెడుతున్నాను. ఇంత భయంలో కాఫీ ఏమిటి అంటే, కాఫీ లేకుండా వెళ్ళడానికి ఇంకా భయం.

సాయంత్రం 7.15

దొరికింది. బండ మీద నిటారుగా, ఎర్ర టోపీ, ఒళ్ళో గుడ్డ, చేతిలో సూది. నన్ను చూడగానే, నాలుగంటే నాలుగు, ఇప్పుడు ఆరున్నర, మీ కాలేజీలో గడియారాలు లేవా అంది. నేను ఆమె కాళ్ళ దగ్గర కూలబడి ఏడ్చాను. ఆమె నా తల మీద చెయ్యి వేసింది. వెన్న తెచ్చావా అంది. తెచ్చాను.

సూదిలో దారం లేదు. దారం అయిపోయిందంది. చేతులు మంచుముక్కల్లా ఉన్నాయి.

తిరిగొచ్చేటప్పుడు నన్ను ముందు నడవమంది. ఎలుగుబంటి వస్తే చదువుకున్నవాళ్ళని ముందు తింటుందట. దారంతా నా స్వెట్టరు వెనక కొస పట్టుకునే నడిచింది.

కాగితాల సంగతి చెప్పాను. ముందు అర్థం కాలేదు, తర్వాత నవ్వి నవ్వి కుర్చీ పట్టుకుంది. మామూలు పెన్ను కనిపించక గుడ్డల పెన్నుతో రాస్తున్నానే, ఇస్త్రీ బల్ల మీదా స్టవ్ దగ్గరా పెట్టి నేనే చెరిపేస్తున్నానన్నమాట, ఇంతకీ సొరుగులో పెన్ను ఏమైందంటావ్ అంది.

ఏమైందో నాకు తెలుసు. దాంతోనే ఈ లైను రాస్తున్నాను.

సెప్టెంబర్ 11

సూదులు పదకొండు. పదకొండుసార్లు నవ్వుకున్నాను. దొంగ నేను, పిచ్చి ఆమెకి అంటగట్టాను.

మార్లిస్ పన్ను పీకించుకుని వచ్చింది. కథంతా విని, వాచిన బుగ్గ పట్టుకుని నవ్వలేక నవ్వింది. హిల్మా, ఈ పిల్లకి పట్టా ఇచ్చిన కాలేజీ మూసేశారా ఇంకా ఉందా అంది.

సెప్టెంబర్ 13

వాన. ముగ్గురం పేకాట. అమ్మమ్మ మోసం చేసి గెలిచింది. తెలివి ఎక్కడికీ పోలేదు.

సెప్టెంబర్ 15

ఆఖరి రోజు. సంతకాలకి చెరగని సిరా పెన్ను మార్లిస్ తెచ్చింది. అమ్మమ్మ వద్దంది. ఈసారి తెల్లగడులు తెల్లగానే ఉంచుతానంది. ముప్పై ఏళ్ళలో ఇలా ఎప్పుడూ లేదని మార్లిస్ ముక్కు చీదింది. నా బొంత నా ఇష్టం అంది అమ్మమ్మ. మార్లిస్ వీడ్కోలు కూడా సరిగ్గా చెప్పకుండా బండెక్కింది. తర్వాత గేటు దగ్గర ఆగి చాలాసేపు హారన్ కొట్టింది.

సెప్టెంబర్ 16

మామయ్యకి ఫోన్ చేశాను. అమ్మమ్మ భేషుగ్గా ఉందన్నాను. ఆయన రెండుసార్లు అడిగాడు. రెండోసారి గొంతు తగ్గించి, బ్రిట్టా, నువ్వు చెప్పిందే నమ్ముతాను, ఆలోచించి చెప్పు అన్నాడు. ఆలోచించాను. తేడా ఉన్నది నాలోనే మామయ్యా అన్నాను.

గది వద్దని చెప్పేశాడు.

అక్టోబర్ 26

అమ్మమ్మ బొంత పూర్తి చేసి నాకిచ్చింది. పన్నెండు తెల్ల గడులు, చుట్టూ తాతయ్య చొక్కాలు. చాలా బాగుంది. ఇది మంచం మీదికి కాదు, బండిలోకి, వెనక సీట్లో పడేసి ఉంచు, చలికాలం మొదలవ్వగానే పెట్టు అంది. ఇక్కడ అందరూ బండిలో ఒక బొంత ఉంచుకుంటారు, మంచులో దిగబడితే పనికొస్తుందని. మాట ఇవ్వమంది. ఇచ్చాను. అంత సీరియస్‌గా ఎందుకడిగిందో.

నవంబర్ 14

బండిలో పెట్టలేదు. అంత మంచి బొంత బండిలో నలగడం ఏమిటి. కప్పుకుని పడుకుంటున్నాను. నా గది వెచ్చగా ఉంటుంది.

జనవరి 11, ఆదివారం

పికప్ హీటరు పోయింది. రాత్రే బొంత తీసి బండిలో పడేశాను, పొద్దున ప్రయాణానికి ఉంటుందని. పొద్దున మైనస్ ఇరవై ఎనిమిది. తలుపు తీసి కాళ్ళ మీద కప్పుకోబోయాను.

గడుల్లో రాత ఉంది.

పన్నెండింటిలోనూ. అమ్మమ్మ చేతిరాత, చిన్నగా, వరసగా. ఇంజను ఆపేసి కూర్చుని చదివాను. వేళ్ళకి స్పర్శ పోయింది.

మొదటి గడి. ఇవాళ గురువారం. ఇది స్పూన్ లేక్. ఈ పిల్ల బ్రిట్టా. కూతురి కూతురు.

మూడోది. సూదులు పదకొండు. పదకొండు. పదకొండు. పిల్ల లెక్కపెడుతోంది.

నాలుగోది. యాలకులు, బ్యాటరీలు. ఇవాళ ఆదివారం. కాఫీ తాగేశాను. మళ్ళీ పెట్టకు.

ఐదోది. మార్లిస్ వస్తుంది. మొగుడి పేరు అడక్కు. పోయాడు.

ఏడోది. మిగతావి పొద్దున రాసినవి, నీటుగా ఉన్నాయి. ఇది బండ మీద రాసింది, అక్షరాలు పడుతూ లేస్తూ ఉన్నాయి. ఎటునుంచి వచ్చానో తెలియడం లేదు. కదలకు. కూర్చో. ఆ పిల్ల వస్తుంది. పేరు మొదటి గడిలో ఉంది. వస్తే కోపంగా ఉన్నట్టు ఉండు.

నాలుగంటే నాలుగు అన్నావు కదా అమ్మమ్మా.

మిగతావి రాయలేను. పన్నెండోది ఇంట్లో రాసి ఉంటుంది, అక్టోబర్‌లో. బ్రిట్టా, ఇది చదువుతున్నావంటే చలి పడింది. ఆర్విడ్‌కి గది చేజారి ఉంటుంది. ఒక్క శరత్కాలం నా ఇంట్లో ఉందామనుకున్నాను, ఉన్నాను. ఇక రా.

జనవరి 11, మధ్యాహ్నం 1.40

హీటరు లేకుండా అమ్మమ్మ ఇంటికి నూట పది మైళ్ళు. దారంతా లెక్కలు. చలి మొదలవ్వగానే బండిలో పెట్టమంది. నవంబర్‌లోనే మైనస్‌కి దిగింది. నేను కప్పుకుని పడుకున్నాను. ఎనిమిది వారాలు. కట్టెల పొయ్యి, ఒక్కతే, ఎనిమిది వారాలు.

పొగగొట్టంలోంచి పొగ వస్తోంది. తలుపు తీసింది. కెటిల్ అడుగు నల్లగా మాడి మెట్ల మీద మంచులో పడి ఉంది. ఒకటి కాదు, మూడు.

ఎంత ఉంది ఇవాళ చలి అంది. మైనస్ ఇరవై ఎనిమిది అన్నాను. అంత అక్కర్లేదే, నవంబర్‌కే తేలుతుందనుకున్నాను అంది. తర్వాత నా చేతులు పట్టుకుని, రోజూ కిటికీ దగ్గర కూర్చుంటున్నాను, ఎవరికోసమో కొన్నాళ్ళు గుర్తుంది, కొన్నాళ్ళు లేదు అంది.

నేను మంచం మీద వేసుకున్నాను అమ్మమ్మా అన్నాను. బాగుందని.

బాగుంటుందే మరి, నేను కుట్టాను అంది.

జనవరి 12

స్కీల కొట్టుకి ఫోన్ చేసి మానేస్తున్నానన్నాను. వెనక గది సర్దుకున్నాను. పొయ్యి పక్కనే, పడుకున్నా వినపడుతుంది. ఏం వినపడుతుందంటే తెలియదు. చప్పుడు.

మామయ్యకి నేను చెప్పనా అన్నాను. నేనే చెబుతాను, ఆదివారం భోజనానికి పిలువు, గుర్తులేకపోతే బొంత చూపించు అంది.

జనవరి 18, ఆదివారం

మామయ్య వచ్చాడు. అమ్మమ్మ భోజనమంతా బాగా మాట్లాడింది, చెప్పాల్సింది తప్ప. నేను బొంత తీసుకెళ్ళి వరండాలో తీగ మీద వేశాను. కాఫీ తాగే టైముకి ఆయన్ని బయటికి తీసుకెళ్ళాను. టోపీ తీసి చదివాడు, ఆ చలిలో, పన్నెండూ. లోపలికొచ్చి అమ్మమ్మ పక్కన కూర్చుని, అమ్మా, వసంతం దాకా బ్రిట్టా ఉంటుంది, ఆ తర్వాత మా ఇంటికి రా, గది కాదు, మా ఇల్లు అన్నాడు. కుట్టుమిషను పడుతుందా అని అడిగింది. పడుతుందన్నాడు.

వెళ్తూ బాయిలరు చప్పుడు విన్నావా అన్నాడు నాతో. విన్నానన్నాను. ఆలస్యంగా.

జనవరి 19

ఈ పేజీ అమ్మమ్మ గుడ్డల పెన్నుతో రాస్తున్నాను. సొరుగులోది ఆమెకి తిరిగి ఇచ్చేశాను.

ఇవాళ నన్ను మా అమ్మ పేరుతో పిలిచింది. పలికాను.

నాలుగైంది. కాఫీ పెట్టాలి. నోటుబుక్కు పొయ్యి పక్కన పెడుతున్నాను, తెరిచే.